దగ్గరి రైల్వే స్టేషన్: గిద్దలూరు

పోయిన వారం రాచర్ల వైపు నుంచి ఒకామె ఆటోలో ఇనప ట్రంకుపెట్టె తెచ్చి మా షాపు మెట్ల మీద దించింది. చనిపోయిన మామగారిదట. మిలిటరీలో చేశాడట, ఏ పటాలమో ఇంట్లో ఎవరికీ తెలియదట. పెట్టె మూత తీసేసరికి కలరా ఉండల వాసన గుప్పున కొట్టింది. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం ఇంకాస్త దగ్గరికి వంగాను. ఏడెనిమిదేళ్ళపాటు రోజూ ఉదయం పది గంటలకు ఆ వాసన మా షాపు మెట్లెక్కి వచ్చి, ఎదురు కుర్చీలో కూర్చుని, "పాపా, కరెంటు ఉందా?" అని అడిగేది. అడిగింది వాసన కాదు, సుబేదారు ఓబులయ్య గారే. కానీ ఆయన్ను తలుచుకుంటే నాకు ముందు వాసన వస్తుంది, ఆ తర్వాతే మనిషి వస్తాడు.

గిద్దలూరు బస్టాండు పక్క సందులో నేను డీటీపీ, జిరాక్స్ షాపు పెట్టిన కొత్త. పెళ్ళికార్డులు, ప్రారంభోత్సవాల కరపత్రాలు, సంతాపం ఫ్లెక్సీలు నా చేతి మీదుగానే వెళ్ళేవి. ఎవరికి ఏ మాట తగిలించాలో నాకు బాగా తెలుసని పేరుండేది, ఆ పేరు చూసుకుని నాకు కాస్త పొగరు కూడా ఉండేది. ఆ రోజుల్లో ఆయన వచ్చారు. సన్నటి మనిషి, కలరా ఉండలు వేసిన పెట్టెలోంచి తీసిన, ఇస్త్రీ మడత నలగని చొక్కా, జేబులో మూడు పెన్నులు, చంకలో అట్టపెట్టె. ఇరవై ఎనిమిదేళ్ళు సైన్యంలో చేసి సుబేదారుగా దిగిపోయానని చెప్పారు. తుపాకీ ఎక్కువగా పట్టారా అని అడిగితే, పట్టింది పెన్నేనని నవ్వారు. చేరింది గుమాస్తాగా, దిగిపోయింది పెద్ద గుమాస్తాగా. ప్రతి పటాలానికీ ఒక చరిత్ర పుస్తకం ఉంటుందని, ఏ నెలలో ఎక్కడుంది, ఏం చేసింది, ఎవరు పోయారు అన్నీ అందులో రాస్తారని, చివరి కొన్నేళ్ళు తన పటాలానికి ఆ పుస్తకం తానే రాశానని ఆయన చెప్పేదాకా నాకు తెలియదు. అది కాక ప్రతి సిపాయికీ వేరే ఒక సర్వీసు కాగితం ఉంటుంది. పుస్తకంలో పటాలం కథ ఉంటుంది, కాగితంలో మనిషి వివరాలు ఉంటాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఆ మనిషి ఎక్కడ ఎట్లా బతికాడో తెలియదనేవారు.

పింఛను తీసుకుంటూ ఇంటిపట్టున ఉండక ఆయన పెట్టుకున్న పని ఏమిటంటే, మా వైపు ఊళ్ళ నుంచి సైన్యానికి వెళ్ళిన ప్రతి మనిషి చరిత్రా రాయడం. రాయమని ఎవరూ అడగలేదు. మా మెట్ట పొలాల ఊళ్ళలో ఇంటికొకరు కాకపోయినా వీధికొకరైనా మిలిటరీకి వెళ్ళినవాళ్ళుంటారు. కానీ ఇంట్లోవాళ్ళకు తెలిసింది ఒక్కటే మాట, "మిలిటరీలో చేసినాడు" అని. ఎక్కడ, ఏ పని, ఎవరితో అని అడిగితే గోడ మీది ఫోటో చూపిస్తారు. ఆ ఫోటో వెనక కథ పట్టుకోవడానికి ఆయన రికార్డు ఆఫీసులకు ఉత్తరాలు రాసేవారు, పాత స్నేహితులకు ఫోన్లు చేసేవారు, జవాబు వచ్చాక తెలుగులో ఒకటి రెండు పేజీలుగా రాసి నా దగ్గరికి టైపుకు తెచ్చేవారు.

మొదటిసారి తెచ్చిన పేజీ కంభం దగ్గరి ఒక వంటాయన గురించి. మంచు కొండల్లో ఒక చలికాలమంతా పటాలంలో తన కంపెనీ వందమందికీ వంట చేశాడని అందులో ఉంది. నాకు చప్పగా అనిపించింది. చొరవ తీసుకుని "శత్రుమూకల గుండెల్లో నిద్రించిన వీరకిశోరం" అని పైన చేర్చి, చుట్టూ పూల బార్డరు కూడా వేసి ఇచ్చాను. ఆయన చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కోప్పడతారేమో అనుకున్నాను. "బాగుంది పాపా. కానీ ఇది ఎవరి గురించి?" అన్నారు. నేను పూల బార్డరు వైపు చూశాను. "వీరుడని రాస్తే సదివేటోళ్ళకు ఏం తెలుస్తాది? గడ్డగట్టిన నీళ్ళు పగలగొట్టి తెల్లారేపాటికి టీ కాసి ఇచ్చినాడని రాయి. అది ఆయన తప్ప ఇంకొకరు చేసుండరు" అన్నారు. ఆ పూట నాకు చాలా అవమానంగా అనిపించింది. మర్నాడు ఆ పేజీ మళ్ళీ టైపు చేస్తూ, నిజంగానే ఆ టీ నీళ్ళ దగ్గర ఆగి, ఆ చలిని ఊహించుకున్నాను. మాటలు తగిలించడం వేరు, రాయడం వేరు అని నాకు తెలిసింది ఆ రోజే. ఎవరో పెద్ద చదువులు చెప్పి నేర్పింది కాదు.

ఆయన అట్టపెట్టెలో కాగితాలతోపాటు చెక్క చట్రం ఉన్న ఒక మార్కాపురం పలక ఉండేది. ఏ వాక్యమైనా ముందు పలక మీద రాసి, పైకి చదివి, బొటనవేలితో చెరిపి దిద్ది, అప్పుడే కాగితం మీదికి ఎక్కించేవారు. కంప్యూటర్లో ఎన్నిసార్లైనా దిద్దుకోవచ్చు కదా పెదనాయనా అని నేను ఆటపట్టించేదాన్ని. తప్పు పలక మీదే చావాలి, కాగితం మీదికి పోయిందంటే దానికి కాళ్ళొస్తాయి అనేవారు. ఆ మాట అన్నప్పుడల్లా నవ్వేవారు కాదు. ఎందుకో నాకు చాలా రోజుల తర్వాత గాని అర్థం కాలేదు.

ఇంకో పట్టింపు ఉండేది. ఎవరి వివరాలు కనుక్కోవాలన్నా ఆయన జిల్లా అడిగేవారు కాదు, దగ్గరి రైల్వే స్టేషన్ అడిగేవారు. సిపాయి సర్వీసు కాగితంలో ఊరు, జిల్లాతోపాటు ఆ గడి కూడా ఉంటుందట. సెలవు మీద పంపేటప్పుడు ఎక్కడిదాకా టికెట్ ఇవ్వాలో తెలియాలి కదా. మా తాలూకాలు 1970 దాకా కర్నూలు జిల్లాలో ఉండి, తర్వాత ఒంగోలు ముఖ్యపట్నంగా వచ్చిన కొత్త జిల్లాలో కలిశాయి. అంతకుముందు సైన్యంలో చేరినవాళ్ళ కాగితాల్లో కర్నూలనే ఉంటుంది, కొందరివి దిద్దారు, కొందరివి దిద్దలేదు. రికార్డు ఆఫీసుకు ప్రకాశం జిల్లా అని రాస్తే అట్లాంటి మనిషే లేడని జవాబు వస్తుంది. అదే స్టేషన్ పేరు రాస్తే పట్టుకుంటారు. జిల్లా మారింది, తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, మీటరుగేజి పోయి బ్రాడ్‌గేజి వచ్చింది. దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

పేజీ తయారయ్యాక దాన్ని పోస్టులో పంపేవారు కాదు. ఆటో మాట్లాడుకుని ఆ ఊరికి వెళ్ళి, ఇంటి ముందు నిటారుగా నిలబడి, ఇంట్లోవాళ్ళూ ఇరుగుపొరుగూ వినేలా పైకి చదివేవారు. చదవడం అయ్యాక కాగితాన్ని ఆ మనిషి కోసం ఎక్కువగా ఎదురుచూసింది ఎవరో అడిగి వాళ్ళ చేతికే ఇచ్చేవారు, అది ముసలి తల్లి కావచ్చు, చెల్లెలు కావచ్చు. వాళ్ళు చెంబుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చేవారు. ఆ నీళ్ళు తప్ప ఇంకేదీ ముట్టేవారు కాదు. ప్రతి కాగితం అడుగునా రాసినవారి పేరు, టైపు చేసినవారి పేరు ఉండాల్సిందే. నా పేరు కనబడుతుందని మొదట్లో మురిసిపోయాను. ఆయన నా మురిపెం కనిపెట్టి, "ఆ పేరు మెచ్చుకోను కాదు పాపా, తప్పుంటే పట్టుకోను" అన్నారు.

ఒక శ్రావణమాసంలో చెన్నమ్మ పెద్దమ్మ మా షాపు వెతుక్కుంటూ వచ్చింది. రాచర్ల అవతల కొత్తపల్లి ఆమెది. అరవై దాటిన మనిషి, గొర్రెలు కాసి కాసి ఎండకు నల్లబడిన ముఖం, చేతిలో కర్ర. ఆమె మొగుడు లక్ష్మయ్య పెళ్ళయిన రెండేళ్ళకు మిలిటరీలో చేరాడు. ఒకసారి సెలవుకు వచ్చి వెళ్ళాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకు ఉత్తరాలు ఆగిపోయాయి. చావు కబురూ రాలేదు. వేరే పటాలంలో చేసే ఒకాయన సెలవుకు వచ్చినప్పుడు, చస్తే గవర్నమెంటు తప్పకుండా తెలియజేస్తుంది, కబురు లేదంటే పటాలం వదిలి పారిపోయాడన్నమాటే అన్నాడట. ఊరికి ఆ మాట చాలింది. నలభై ఏళ్ళుగా ఆ ఇంటికి పారిపోయినోని ఇల్లు అనే పేరు. ఉన్న రెండు మూడు ఉత్తరాలూ చెదలు తినేశాయి. ఆమె దగ్గర ఆనవాలంటూ మిగిలింది ఒక్కటే, గిద్దలూరు స్టేషన్లో తానే రైలెక్కించి వచ్చిన జ్ఞాపకం.

ఆమెకు కావలసింది కూడా ఒక్కటే. మా వైపు పెద్దల అమావాస్య రోజు చనిపోయినవాళ్ళ పేరున కొత్త బట్టలు పెట్టి మొక్కుతారు. "ఏటా ఆయన పేరున పంచె తెస్తా అన్నా. బతికుంటే పెట్టగూడదు, సచ్చిపోయింటే పెట్టకుండా ఉండగూడదు. ఈ అమాసకన్నా పెట్టాల్నా వద్దా, అది చెప్పు" అంది.

పేరు, ఊరు వినగానే ఓబులయ్య గారు పెన్ను మూత పెట్టేశారు. మామూలుగా ఎవరొచ్చినా పది ప్రశ్నలు అడిగే మనిషి ఆమెను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆమె వెళ్ళిపోయాక, ఏ పటాలమో తెలియకుండా ఎక్కడికి రాస్తామని నేను అంటుండగానే చిరునామా చెప్పారు, టైపు చేయమన్నారు. నాకు వింతగా అనిపించింది గానీ అడగలేదు. ఆ ఏడు పెద్దల అమావాస్య వచ్చి వెళ్ళింది. జవాబు రాలేదు. ఆయన వారం వారం పోస్టాఫీసుకు వెళ్ళి వచ్చేవారు, మనిషి చిక్కిపోయారు. సంక్రాంతి కూడా దాటి, ఎండలు ముదిరాక కవరు వచ్చింది. అందులో లక్ష్మయ్య సర్వీసు కాగితం నకలు, పటాలం చరిత్ర పుస్తకంలో ఒక పేజీ నకలు ఉన్నాయి.

పటాలం ఒక కొండ వాగు దాటుతుండగా నీళ్ళు పెరిగాయి. లక్ష్మయ్య నడుముకు తాడు కట్టుకుని ముగ్గురిని ఒక్కొక్కరినే ఒడ్డుకు చేర్చాడు. నాలుగో మనిషి కోసం దిగాడు. తాడు తెగింది. ఇద్దరి దేహాలూ దొరకలేదు. పుస్తకంలో ఉన్నది ఇంతే. ఇంటికి కబురు పంపిన సంగతి సర్వీసు కాగితం వెనక రాసి ఉంది. కాగితంలో కొత్తపల్లి, కర్నూలు జిల్లా అని ఉంది. అప్పటికి జిల్లా మారిపోయింది. కర్నూలు జిల్లాలోనూ ఒక కొత్తపల్లి ఉంది, అక్కడ విచారిస్తే లక్ష్మయ్య అనే సిపాయి ఇల్లే లేదు. ఉత్తరం తిరిగి వెళ్ళింది. అదే కాగితంలో రెండు గళ్ళ కింద, దగ్గరి రైల్వే స్టేషన్ గిద్దలూరు అని స్పష్టంగా రాసి ఉంది. దాన్ని ఎవరూ చూడలేదు.

నాకు ఏడుపొచ్చింది. వీరమరణం అనే మాట ఈసారైనా రాద్దామన్నాను. "నాలుగోసారి దిగినాడని ఉంది గదా. చాలు" అన్నారాయన. తర్వాత కాగితం బల్ల మీద పెట్టి, అప్పుడు చెప్పారు. జిల్లాలు మారినట్టు ఉత్తర్వు వచ్చినప్పుడు లక్ష్మయ్య పటాలంలోనే ఆయన కుర్ర గుమాస్తా. ఆ ఊళ్ళు తెలిసినవాడు ఆఫీసులో ఆయనొక్కడే కాబట్టి, మా వైపు వాళ్ళ కాగితాలన్నీ దిద్దే పని ఆయనకు అప్పగించారు. "లక్ష్మయ్య కంపెనీ కొండ మీదికి పనికి పోయింది. వాని కాగితం గూడా వాళ్ళెంబడే పోయింది. వచ్చినాక దిద్దుదామని చీటీ రాసి సొరుగులో పెట్టుకున్నా. మరుసటి వారం నాకు లీవు దొరికింది, నా పెండ్లికి. వచ్చేపాటికి వేరే పటాలానికి బదిలీ చేసినారు. ఆ చీటీ ఆ సొరుగులోనే ఉండిపాయె" అన్నారు. లక్ష్మయ్య చనిపోయిన సంగతి ఈ కవరు వచ్చేదాకా ఆయనకు తెలియదు. చీటీ మాత్రం గుర్తుంది.

నేను ఆయన్ను కాపాడాలనుకున్నాను. అందులో ఇప్పటికీ నాకు సిగ్గేమీ లేదు. నాకున్న తెలివంతా వాడి, "పరిపాలనా కారణాల వల్ల చిరునామా మార్చబడలేదు" అని టైపు చేసి చూపించాను. అబద్ధం ఒక్క ముక్క లేదు, ఎవరి పేరూ లేదు. ఆయన పలక తీసి ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు దాని మీద రాశారు. బొటనవేలితో మొదటి మూడు మాటలూ చెరిపారు. తర్వాత "మార్చబడలేదు" చెరిపారు. అక్కడ "గుమాస్తా ఓబులయ్య మార్చలేదు" అని రాసి పలక నా వైపు తిప్పారు. నేను టైపు చేయనన్నాను. "చెయ్యి పాపా. లక్ష్మయ్య ఏం చేసినాడో సరిగ్గా రాసి, నేను ఏం చేసినానో మసక చేస్తే ఎట్ల?" అన్నారు. టైపు చేశాను. అంత చిన్న వాక్యానికి అంతసేపు నాకెప్పుడూ పట్టలేదు.

మర్నాడు ఉదయం కొత్తపల్లి వెళ్ళాం. మందలు ఇంకా బయలుదేరలేదు. మిలిటరీ ఆయన లక్ష్మయ్య కాగితం చదువుతాడని తెలిసి సగం ఊరు చెన్నమ్మ ఇంటి దగ్గరి గొర్రెల దొడ్డి ముందు చేరింది. చెన్నమ్మ నేల మీద కూర్చుంది. ఓబులయ్య గారు పరేడులో నిలబడినట్టు నిలబడి చదివారు. నాలుగో మనిషి కోసం దిగాడన్న చోట ఆమె చెయ్యెత్తి, ఆ ముక్క మళ్ళీ చదవమంది. చదివారు. ఆమె వెనక్కి తిరిగి ఊరివాళ్ళను చూసింది. "పారిపోలా" అంది, గొంతు పెంచకుండానే. కొందరు తలలు దించుకున్నారు. ఓబులయ్య గారు అక్కడితో ఆపి ఉంటే ఆ ఊరు ఆయన్ను భుజాల మీద మోసేది. ఆయన చివరి వాక్యం కూడా చదివి, ఆ ఓబులయ్యను నేనేనని చెప్పి, కాగితం ఆమె చేతికిచ్చారు.

ఆమె కర్ర ఊతంతో లేచి నిలబడి ఆయన ముఖం వైపు చూసింది. "నువ్వు చీటీ సొరుగులో పెట్టినావు. నేనీడ ఏటేటా పంచె తీసి మళ్ళా పెట్టెలో పెట్టినా" అంది. తిట్టలేదు, శపించలేదు. కాగితం పట్టుకుని లోపలికి వెళ్ళి తలుపు దగ్గరేసుకుంది. ఎవరూ నీళ్ళు తేలేదు. ఆయన ఇంకొంచెంసేపు అక్కడే నిలబడి, నా వైపు చూసి పోదామన్నట్టు తలూపారు. ఆటోలో ఉండబట్టలేక నేనన్నాను, నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదా పెదనాయనా అని. "అందుకే చెప్పింది పాపా" అన్నారు. అంత ఎండలో ఆ మనిషి పెదవులు ఎండిపోయి ఉంటే, దారిలో ఎక్కడా ఆగి నీళ్ళు తాగుదామని కూడా అనలేదు. నా జీవితంలో నేను చూసిన ధైర్యం ఏదని అడిగితే, నాకు గుర్తొచ్చేది ఆ ఆటో ప్రయాణమే.

ఆ సంవత్సరం పెద్దల అమావాస్యకు చెన్నమ్మ లక్ష్మయ్య పేరున పంచె పెట్టిందని తెలిసింది. ఆయన విని సరేనన్నారు, అంతే. లక్ష్మయ్య పేరున చెన్నమ్మకు రావాల్సిన పింఛను అర్జీలన్నీ ఆయనే తిరిగి పెట్టించారు, ఆ గడప మాత్రం మళ్ళీ తొక్కలేదు. తర్వాత మరో మూడేళ్ళు అదే పని, అదే పలక, పది గంటలకు అదే వాసన. ఒక ఎండాకాలం నాలుగు రోజుల జ్వరంతో పోయారు. అట్టపెట్టె నాకివ్వమని చెప్పారట.

అందులో ఊరివారీగా పెట్టిన నోటు పుస్తకాల్లో ఆయన ఊరి పుస్తకమూ ఉంది. ఆయన పేరుతో ఒక పేజీ ఉంది. పైన పేరు, దాని కింద "దగ్గరి రైల్వే స్టేషన్: గిద్దలూరు". మిగతాదంతా ఖాళీ. ఎవరు రాయాలో నాకు వేరే చెప్పనక్కర్లేదు. కొత్తపల్లి సంగతి ఎందుకులే అక్కా అని ఆయన కొడుకు మెల్లగా అన్నాడు. తండ్రి మీద ప్రేమతో అన్న మాట, తప్పు పట్టలేను. నేను కూడా పలక మీద ఒకసారి ఆ సంగతి లేకుండా రాసి చూశాను. ఎంతో గొప్ప మనిషిలా కనబడ్డాడు, కానీ మా పెదనాయన కాదు. చెరిపేశాను.

పదకొండో రోజు వాళ్ళ ఇంటి ముందు పందిట్లో నిలబడి చదివాను. గిద్దలూరులో రైలెక్కిన పిల్లవాడు, రాసిన పుస్తకాలు, దిద్దిన కాగితాలు, దిద్దని ఒక కాగితం, దాన్ని తన నోటితో తానే చెప్పుకున్న రోజు, అన్నీ ఉన్నాయి. తలెత్తి చూస్తే వెనక వరసలో కర్ర పక్కన పెట్టుకుని చెన్నమ్మ పెద్దమ్మ కూర్చుని ఉంది. ఎవరు కబురు చేశారో తెలియదు. చదవడం అయ్యాక ఆమె లేచి, ఇంట్లో ఆడవాళ్ళను అడిగి చెంబుతో నీళ్ళు తెచ్చింది. "ఆ దినం అన్నకు ఇయ్యలేకపోయినా. నువ్వు తాగు" అంది. అందరి ముందూ నిలబడే తాగాను. చెంబు ఖాళీ అయ్యేదాకా ఆమె అక్కడే ఉంది.

మా వైపు మళ్ళీ కొత్త జిల్లా మాట నడుస్తోంది. ట్రంకుపెట్టె తెచ్చినామె కూడా మామగారి జిల్లా ఏదని చెప్పాలో తెలియక తడబడుతోంది. నేను అట్టపెట్టెలోంచి పలక తీశాను. జిల్లా సంగతి తర్వాత చూద్దాం గానీ అక్కా, మీ మామ పటాలానికి పోయేటప్పుడు రైలెక్కింది ఏ స్టేషన్లో అని అడిగాను. ఆమె చెప్పింది. పలక మీద రాసుకున్నాను. రేపు అందులో తప్పు బయటపడితే ఎవరిని పట్టుకోవాలో తెలియాలి కదా, దాని కింద నా పేరు రాశాను.